మరి వాళ్ళ నాన్న ఏం చేస్తున్నాడు?

పోయిన వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మకి సిండ్రెల్లా కథ చెప్పింది. అమ్మమ్మ కింద కూచుని ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. ఇది పక్కన చేరి, జీడి తీసే వంకతో ముక్కలు నములుతోంది. కథ సిండ్రెల్లాదే గానీ ఈ సిండ్రెల్లా న్యూ బీజింగ్ అనే నగరంలో మెకానిక్. సగం మనిషి, సగం యంత్రం. రాజభవనం మెట్ల మీద ఆమె పోగొట్టుకునేది గాజు చెప్పు కాదు, ఏకంగా పాదాన్నే. ఎప్పుడో చిన్నప్పుడు బిగించిన, సైజు చాలని ఇనప పాదం. మరిస్సా మేయర్ రాసిన 'సిండర్' నవల అది, 2012లో వచ్చింది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. దాన్ని ఇప్పటికి మూడుసార్లు చదివింది.

అమ్మమ్మ అంతా శ్రద్ధగా విన్నది. ఇనప పాదం దగ్గర నవ్వింది. సవతి తల్లి కోపంతో ఆ పిల్లని ప్లేగు మందు పరిశోధనకి అప్పజెప్పేసిందని చెప్పేసరికి గుడ్డ పక్కన పెట్టింది.

"మరి వాళ్ళ నాన్న ఏం చేస్తున్నాడు?"

"ఆయన ఎప్పుడో చచ్చిపోయాడు అమ్మమ్మా."

"ఊఁ," అంది ఆవిడ, మళ్ళీ గుడ్డ అందుకుని. "మంచి పని చేశాడు."

మా అమ్మాయి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆవిడ మా అమ్మ కాదు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ వచ్చిన ఆవిడే ఈవిడ. నేను పిన్ని అంటాను. మా అమ్మాయికి అమ్మమ్మ అంటే ఈవిడే.

పాత జానపద కథలని తీసుకుని, టీనేజీ పిల్లల కోసం కొత్తగా తిరగరాసే ఇంగ్లీషు ఫాంటసీ నవలలు మూడేళ్ళుగా మా ఇంట్లో గుట్టగా పేరుకుపోయాయి. కొన్నది దానికోసం. చదివింది ఇద్దరం. వీటి మీద సాధారణంగా వినపడే ఫిర్యాదు ఒకటుంది: అసలు కథని పాడు చేస్తున్నారని. దానితో నాకు పేచీ లేదు, దాన్ని పట్టించుకోను కూడా. అసలు కథ అనేది ఎక్కడుందని? నా ఫిర్యాదు దానికి సరిగ్గా అటు వైపుది. వీళ్ళు చాలినంత మార్చలేదు. రాజకుమారిని మార్చారు, రాకుమారుణ్ణి మార్చారు, రాక్షసుణ్ణి మార్చారు, మంత్రగత్తెకి కూడా మనసుందన్నారు. పిన్నిని మాత్రం ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేశారు.

ముందు ఈ మాట గురించి ఒక సంగతి. తెలుగులో అమ్మ చెల్లెలూ పిన్నే, అమ్మ పోయాక ఇంటికొచ్చిన ఆవిడా పిన్నే. ఒకప్పుడు భార్య పోతే పిల్లల కోసమని ఆమె చెల్లెల్నే ఇచ్చి చేసేవాళ్ళు కాబట్టి చాలా ఇళ్ళలో ఈ ఇద్దరు పిన్నులూ ఒకే మనిషి. సవతి తల్లి అనే మాట ఎదురుగా ఎవరూ అనరు. అది వెనకాల అనే మాట, పేపర్లో రాసే మాట. నిధులివ్వకపోతే కేంద్రం సవతి తల్లి ప్రేమ చూపిస్తోందంటారు. ఆ హెడ్డింగు కనపడ్డ రోజు మా పిన్ని ఆ పేజీ తిప్పేసేది. ఫ్రెంచిలో ఇంకో తమాషా ఉంది. సవతి తల్లికీ అత్తగారికీ వాళ్ళ దగ్గర ఒకటే మాట, బెల్ మేర్. కథల్లో గయ్యాళి సవతి తల్లి వెనకాల కోడళ్ళు పడ్డ అత్తగారి ఆరళ్ళు కూడా దాక్కుని ఉన్నాయని మరీనా వార్నర్ అనే పరిశోధకురాలు రాసింది. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చు వేసిన నిద్రపోయే సుందరి కథ చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. మనం రాకుమారుడు రావడంతో కథ అయిపోయిందనుకుంటాం. పెరో కథలో సగం ఆ తర్వాతే ఉంది. ఆ రాకుమారుడి తల్లికి మనుషుల్ని తినే జాతి రక్తం. మనవరాల్ని ఉల్లిపాయలూ ఆవాలూ వేసిన సాస్‌తో వండిపెట్టమని వంటవాడికి పురమాయిస్తుంది. ఏ సాసో కూడా పేరు పెట్టి మరీ చెబుతుంది. ఫ్రెంచివాళ్ళు కదా!

ఇప్పుడు జర్మనీలో జానపద కథలు పోగుచేసి అచ్చు వేసిన గ్రిమ్ సోదరుల దగ్గరికి వద్దాం. నా వాదన అంతా వీళ్ళ మీదే నిలబడి ఉంది.

1812లో వాళ్ళ పుస్తకం మొదటిసారి వచ్చినప్పుడు స్నోవైట్‌ని అడవికి పంపి చంపమన్నది సవతి తల్లి కాదు, కన్నతల్లి. మంచంత తెల్లగా, నెత్తురంత ఎర్రగా పిల్ల కావాలని కోరుకుని కన్న ఆ తల్లే, పిల్ల తనకన్నా అందంగా ఉందని అద్దం చెప్పగానే వేటగాణ్ణి పిలిచింది. 1819లో రెండో ముద్రణ వచ్చేసరికి కన్నతల్లి పురిట్లో పోయింది, రాజు రెండో పెళ్ళి చేసుకున్నాడు, పాపమంతా ఆ రెండో ఆవిడ నెత్తిన పడింది. హాన్సెల్, గ్రెటెల్ కథ కూడా అంతే. తిండికి లేక పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్న ఆడది మొదట వాళ్ళ సొంత తల్లి. 1840 ముద్రణలో ఆమెని సవతి తల్లి చేసేశారు. పుస్తకం పిల్లల చేతుల్లోకి వెళుతోంది, తల్లి అనే మాటకి మచ్చ రాకూడదు. కన్నతల్లి పరువు కాపాడడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది, దొరికింది. ఇది నేను కనిపెట్టింది కాదు. మొదటి ముద్రణని జాక్ జైప్స్ అనే పరిశోధకుడు 2014లో ఇంగ్లీషులోకి తెచ్చాక ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

అంటే ఈ కథల్ని మొదట తిరగరాసింది గ్రిమ్ సోదరులే. ఆ తిరగరాతలో బలైంది పిన్ని. రెండువందల ఏళ్ళ తర్వాత, మేము పాత కథల్లో అన్యాయాలన్నీ సరిచేస్తున్నామని చెప్పుకునే నవలలు కూడా ఆ ఒక్క మార్పుని మాత్రం ముట్టుకోలేదు. నాకు మండేది అక్కడ.

గెయిల్ కార్సన్ లివైన్ 1997లో రాసిన 'ఎల్లా ఎన్‌చాంటెడ్' నాకు చాలా ఇష్టమైన పుస్తకం. సిండ్రెల్లా కథలో అందరికీ తట్టి ఎవరూ అడగని ప్రశ్న ఆవిడ అడిగింది: ఈ పిల్ల ఎందుకు అన్నిటికీ తలూపుతుంది? పుట్టినప్పుడు ఒక దేవకన్య అతితెలివితో ఇచ్చిన వరం వల్ల ఎల్లా ఎవరు ఏం ఆజ్ఞాపిస్తే అది చేసి తీరాలి. 'కేకు తిను' అంటే కడుపు పగిలినా తింటూనే ఉండాలి. చివరికి తను ప్రాణంగా ప్రేమించినవాడు పెళ్ళి చేసుకోమన్నప్పుడు, అతనికి తన వల్ల కీడు జరుగుతుందని, మొదటిసారి కాదనగలుగుతుంది. వరం విరిగిపోతుంది. ఎంత చక్కని ఎత్తు! అణకువని సుగుణం అనకుండా శాపం అని పిలవడానికి ఇంతకన్నా సులువైన దారి ఉందా? అయితే అదే పుస్తకంలో సవతి తల్లి ఓల్గా ఎవరు? లావుపాటి, డబ్బాశ మనిషి. అంతే. పెరో రాసిన సిండ్రెల్లా నుంచి నేరుగా వచ్చి కూచుంది.

'సిండర్'లో సవతి తల్లి ఏడ్రీ అంతే. ఆమె కన్నకూతురు ప్లేగుతో చచ్చిపోతుంది. ఆ దుఃఖం దగ్గర ఒక్క అధ్యాయం ఆగి ఉంటే కథ ఎక్కడికో వెళ్ళేది. ఆగదు. మలిండా లో 2009లో రాసిన 'యాష్'లో అమ్మాయి రాకుమారుణ్ణి కాకుండా రాజుగారి వేటగత్తెని ప్రేమిస్తుంది. అంత పెద్ద మలుపు తిప్పిన రచయిత్రి కూడా, చచ్చిపోయిన తండ్రి అప్పులు తీర్చమని అమ్మాయి చేత చాకిరీ చేయించే సవతి తల్లిని యథాతథంగా ఉంచేసింది. అప్పులు చేసింది తండ్రి. తిట్లు ఎవరికో చూడండి.

మంత్రగత్తెల గతి వీళ్ళకన్నా మేలు. డోనా జో నపోలి 1993లోనే హాన్సెల్, గ్రెటెల్ కథలో మంత్రగత్తెని వైద్యం చేసే మంచి మనిషిగా మొదలుపెట్టి, ఆమె ఎలా దిగజారిందో చెప్పింది. 1996లో రపంజెల్‌ని గోపురంలో దాచిన ఆడమనిషి చేత సొంత గొంతుతో మాట్లాడించింది. పిల్లని పోగొట్టుకోలేని పిచ్చి ప్రేమ అది. చదువుతుంటే భయం, జాలి ఒకేసారి వేస్తాయి. బంధువుల్లో కూడా కొందరు బయటపడ్డారు. బ్యూటీ అండ్ ద బీస్ట్ కథ 1756 నాటి ప్రసిద్ధ ఫ్రెంచి పాఠంలో బ్యూటీ అక్కలిద్దరూ ఈర్ష్యతో కుళ్ళిపోయి చివరికి రాతి బొమ్మలైపోతారు. రాబిన్ మెకిన్లీ 1978లో 'బ్యూటీ' రాసినప్పుడు ఆ అక్కల్ని శుభ్రంగా మంచివాళ్ళని చేసేసింది. కథకి వెంట్రుకవాసి నష్టం జరగలేదు. ఇంకా బాగుపడింది, ఎందుకంటే ప్రేమించే ఇంటిని వదిలి వెళ్ళడంలో ఉండే బాధ, ఏడిపించే ఇంటిని వదిలి వెళ్ళడంలో ఉండదు. అంటే ఇంట్లో ఒక దుర్మార్గురాలు లేకపోతే కథ నడవదన్న మాట అబద్ధం. ఆ సంగతి తేలి నలభై ఏళ్ళు దాటింది.

సవతి తల్లికి కూడా గతం రాసిన పుస్తకం ఉంది కదా అని మా అమ్మాయి నాతో వాదించింది. ఉంది. మేయరే 2015లో 'ఫెయిరెస్ట్' రాసింది, స్నోవైట్ సవతి తల్లి లెవానా కథ. చిన్నప్పుడు సొంత అక్కే ఆమెని మంటల్లోకి తోయించింది. కాలిన ఆ మొహాన్ని జన్మంతా మాయతో కప్పుకుని బతికింది. చదివాను, బాగుంది. కానీ అది రాక్షసి ఎలా తయారైందో చెప్పే పుస్తకం. సవతి తల్లి అంటే క్రూరురాలే అన్నది ముందే ఒప్పేసుకుని, ఆ క్రూరత్వానికి కారణం వెతికింది. నేనడిగేది అది కాదు. ఏ గాయమూ లేని, ఏ మాయా రాని, మామూలు ఆడమనిషి, ఇంకొకరి పిల్లకి జడ వెయ్యాల్సి వచ్చిన మనిషి, ఏ పుస్తకంలో ఉంది?

దగ్గర దాకా వచ్చింది మళ్ళీ నపోలియే. 2004లో వచ్చిన 'బౌండ్' మింగ్ వంశం నాటి చైనాలో నడుస్తుంది. చైనాలో సిండ్రెల్లా కథ పెరో కన్నా చాలా పాతది, తొమ్మిదో శతాబ్దంలోనే డువాన్ చెంగ్షీ అనే ఆయన రాసిపెట్టాడు. అందులో తండ్రికి ఇద్దరు పెళ్ళాలు. పిల్లని కన్న పెళ్ళాం పోయింది, తర్వాత తండ్రీ పోయాడు, రెండో ఆవిడ మిగిలింది. మన సవతి తల్లి అనే మాటకి అచ్చంగా సరిపోయే మనిషి. నపోలి నవలలో ఆమె మగదిక్కు లేని విధవ. సొంత కూతురికి పెళ్ళి కావాలంటే పాదాలు చిన్నవిగా ఉండాలి కాబట్టి, వయసు దాటిపోయాక ఆ పాదాలు బిగించి కట్టి పిల్లని హింస పెడుతుంది. ఆమె కఠినత్వం వెనక ఆకలి, భయం కనపడతాయి. ఇంకొక్క అడుగు వేసి ఉంటే బాగుండేది.

ఇంతకీ తండ్రి.

పిన్ని ఆ ప్రశ్న అడిగాక నేను ఇంటికొచ్చి మళ్ళీ గ్రిమ్ పుస్తకం తీశాను. వాళ్ళ సిండ్రెల్లాలో తండ్రి చావలేదు. కథ పొడుగునా బతికే ఉన్నాడు, అదే ఇంట్లో ఉన్నాడు. కూతురు బూడిదలో పడుకుంటుంటే ఉన్నాడు. నాట్యం నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయి పావురాల గూట్లో దాక్కుందని రాకుమారుడు చెబితే, కొంపదీసి మన పిల్లేనా అని లోపల అనుకుంటూనే, గొడ్డలి తెప్పించి ఆ గూడు పగలగొట్టించింది తండ్రే. చివర్లో రాకుమారుడు చెప్పు పట్టుకొచ్చి ఇంకో కూతురుందా అని అడిగితే, పోయిన మా ఆవిడకి పుట్టిన బక్క పిల్ల ఒకతె ఉంది, అది పెళ్ళికూతురయ్యే రకం కాదు అన్నది కూడా తండ్రే. పెళ్ళిలో పావురాలు వచ్చి అక్కల కళ్ళు పొడుస్తాయి. తండ్రి జోలికి ఒక్క పిట్ట కూడా రాదు.

పెరో కథలో కూడా అంతే, తండ్రి బతికే ఉంటాడు, పెళ్ళాం చెప్పుచేతల్లో. కొత్త నవలలు ఈ ఇబ్బందిని ఎలా దాటాయంటే, ఆయన్ని మొదటి పేజీల్లోనే చంపేసి. చచ్చిపోయినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. పైగా జ్ఞాపకాల్లో మెత్తగా, ప్రేమగా మిగిలిపోతాడు. తల్లి చస్తే తండ్రి పినతండ్రి అనే సామెత మన ముసలమ్మలు ఊరికే అన్నారా? వాళ్ళకి తెలిసిన ఆ సంగతి ఇన్ని వేల పేజీల ఫాంటసీకి తెలియలేదు. లివైన్‌కి మాత్రం ఇక్కడ దణ్ణం పెట్టాలి. ఆవిడ తండ్రిని బతకనిచ్చింది. డబ్బు కోసం ఓల్గాని చేసుకుని, కూతుర్ని వదిలేసి వ్యాపారానికి పోయే మోసగాడుగా చూపించింది. అదొక్కటే మినహాయింపు, నేను చదివినవాటిలో.

ఎందుకిలా అంటే కారణాలు లేకపోలేదు. ఈ నవలలన్నీ పదహారేళ్ళ పిల్ల కళ్ళతో నడుస్తాయి. ఆ వయసులో ఇంట్లో ఉన్న పెద్ద ఆడమనిషి ఎవరైనా శత్రువులాగే కనిపిస్తుంది. నాకిప్పుడు ఆ సంగతి రోజూ అనుభవమే, నేను కన్నతల్లినే అయినా. అమ్మ మీద వచ్చే కోపాన్ని అమ్మ మీద కాకుండా సవతి తల్లి బొమ్మ మీద తీర్చుకోవడానికి ఈ కథలు పిల్లలకి పనికొస్తాయని బ్రూనో బెటిల్‌హైమ్ అనే మనస్తత్వవేత్త 1976లోనే రాశాడు. మంచి అమ్మ ఒక పక్క భద్రంగా ఉంటుంది, చెడ్డ అమ్మని ఇంకో పక్క తిట్టుకోవచ్చు. బాగానే ఉంది. మరి నిజంగా సవతి తల్లి చేతి అన్నం తింటూ ఆ కథ వినే పిల్ల సంగతేమిటి? ఆయన లెక్కలో నేను లేను.

బళ్ళో నా క్యారేజీ మూత తీసి చూసిన వాళ్ళున్నారు. "మీ పిన్ని కూర వేసిందా? నెయ్యి వేసిందా?" అని. పక్కింటావిడ నా జబ్బల మీద వాతలున్నాయేమోనని చేతులు తిప్పి చూసేది. నాకు ఆరేడేళ్ళు, అందరూ అంతలా అడుగుతుంటే ఏదో ఉండే ఉంటుందని నేనూ వెతికేదాన్ని. పిన్నికి అన్నీ తెలుసు. దోసెలు వేస్తే నాకు రెండు, తమ్ముడికి ఒకటి. వాడు ఏడిస్తే వీపు మీద ఒక్కటిచ్చేది. నన్ను మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. గొప్పగా చెప్పుకునే సంగతి అనుకుంటున్నారా? కాదు. పిండి డబ్బా బోర్లించినందుకు వాణ్ణి చీపురుతో ఇల్లంతా తరిమి, అదే పని నేను చేస్తే నోరు మూసుకుని ఊడ్చుకునేది. వాడి మీద నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో. నన్నూ ఒకసారి అలా తరిమితే బాగుండునని ఉండేది. ఊరంతా కాపలా కాస్తుంటే ఆవిడ నన్ను తిట్టనూ లేకపోయింది, ఆ భయంతో దగ్గరికి తియ్యనూ లేకపోయింది. దీన్ని ఏ కథ చెబుతుంది? మన పాత సినిమాల్లో కన్నకొడుకు కన్నా సవతి కొడుకే ఎక్కువనే దేవత ఉంటుంది, అదీ అబద్ధమే. రెండు దోసెలు దేవత కాబట్టి వెయ్యలేదు, భయపడి వేసింది.

నిజంగా పిల్లల్ని హింసించేవాళ్ళు లేరని నేననడం లేదు. ఉన్నారు, కన్నవాళ్ళలోనూ ఉన్నారు. అలాంటి ఇంట్లో ఉన్న పిల్లకి సిండ్రెల్లా ఊపిరి కావచ్చు. ఆ కథ ఉండొద్దనడానికి నేనెవర్ని? ఉన్న యాభై తిరగరాతల్లో యాభయ్యీ అదే ఎందుకవ్వాలన్నదే నా గొడవ. ఆడపిల్ల చేతికి కత్తి ఇవ్వడం ఇప్పుడు తేలికైపోయింది. అట్ట మీద బొమ్మ కూడా బాగా వస్తుంది. వంటింట్లో నిలబడ్డ ఆ రెండో ఆవిడని, నువ్వు ఈ ఇంటికి ఎందుకొచ్చావమ్మా అని అడగడమే ఎవరికీ తోచడం లేదు. పురిట్లో తల్లులు చచ్చిపోవడం మామూలైన ఆ కాలంలో, ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన విధవకి ఇంకో పెళ్ళి తప్ప వేరే దారేముంది? మా పిన్నికి అప్పుడు ఇరవై రెండు. కట్నం ఇచ్చుకోలేని ఇల్లు. రెండో సంబంధం అంటే కట్నం అడగరు. నాన్నకి ముప్ఫై ఆరు, పిల్లని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఈ నాలుగు వాక్యాల్లో ఎన్ని కథలున్నాయో చూడండి.

నాన్న చెడ్డవాడు కాదు. ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆయన నన్ను సరిగ్గా చూస్తున్నాడా అని నా జీవితంలో ఎవ్వరూ నన్ను అడగలేదు.

ఆ వేసవి రాత్రి, ఆవకాయ కలపడం అయ్యాక, జాడీకి గుడ్డ కడుతూ పిన్ని తనంతట తనే చెప్పింది. పెళ్ళయి వచ్చిన రోజు సాయంత్రం వంట తననే చెయ్యమన్నారట. వంటింట్లో అన్నీ ఒకేలాంటి డబ్బాలు. ఏది ఎందులో ఉందో తెలియదు. చనిపోయిన మనిషి సర్దిన వంటిల్లు, ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదట. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నానట. ఉప్పు ఎక్కడుందమ్మా అని అడిగితే, మాట్లాడకుండా వచ్చి పీట ఎక్కి, ఒక్కో డబ్బా మీద వేలు పెట్టి చూపించానట. ఇది కందిపప్పు, ఇది ఉప్పు, ఇది మా అమ్మ చిల్లర దాచుకునేది.

నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

"అప్పుడు నాన్న ఎక్కడున్నాడు?" అన్నాను.

"అరుగు మీద," అంది పిన్ని, తాడు ముడి బిగిస్తూ. "పేపరు చదువుకుంటూ. వంట అయిందా అని రెండుసార్లు కేకేశారు."